చాప మాస్టారు

"బూట్లు విప్పి చాప మీద నిలబడండి. ఒక్క నిమిషం."

డిపో రెస్ట్‌రూములో డ్రైవర్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

చాపంటే పడుకునే చాప కాదు. నల్లగా, మందంగా ఉంది. దానికో చిన్న తెర. పాదం ఎక్కడైనా మామూలు కంటే వేడిగా ఉంటే తెర మీద అక్కడ ఎర్రగా కనిపిస్తుందట.

"షుగరున్నవాళ్ళకి పాదాల్లో స్పర్శ తగ్గిపోతుందండీ. లోపల పుండు మొదలైనా నొప్పి తెలీదు. దీనికి ముందే తెలుస్తుంది," అన్నాడు ఆ చాప తెచ్చినాయన. నెరిసిన జుట్టు, ఇస్త్రీ చొక్కా, నెమ్మదైన గొంతు.

డ్రైవర్లు వెంటనే పేరు పెట్టేశారు, చాప మాస్టారని. ఆయన అటు తిరగ్గానే ఇంకో పేరు కూడా పెట్టారు, మేనేజ్‌మెంటు గూఢచారి అని.

పెట్టరూ మరి? షుగరున్న డ్రైవరుకి స్టీరింగు ఇవ్వరని ఆ డిపోలో అందరికీ తెలుసు. అందుకే అక్కడ ఒక్కడికీ షుగరు లేదు. మాత్రలు మాత్రం సగం మంది టిఫిన్ బ్యాగుల్లో ఉన్నాయి.

అందరిలోకీ ఎక్కువ బెదిరింది పెద్ద డ్రైవరు. ఆయనకి బస్సు నడపడం తప్ప ఇంకో పని రాదు. వచ్చినా చెయ్యడు. స్టీరింగు పట్టుకుంటేనే ఆయన మనిషి.

"ఆ చాపేదో ఎక్కితే మీ సొమ్మేం పోయింది?" అంది భార్య ఆ సాయంత్రం. "నిన్న మరిగే నీళ్ళలో కాలు పెట్టి, గోరువెచ్చగా ఉన్నాయన్నారు. హడలిపోయాను."

"ఎక్కితే ఉద్యోగం పోతుంది. కొరివితో తల గోక్కోమంటావా?"

మర్నాడు తన బస్సు కండక్టర్ని పక్కకి పిలిచాడు.

"తమ్ముడూ, ఎక్కకపోతే అనుమానిస్తారు. నా పేరు చెప్పి నువ్వు నిలబడరా."

"డ్యూటీలు మార్చుకోవడం విన్నాను గానీ, కాళ్ళు మార్చుకోవడమేంటన్నా?"

"నీవి లేగదూడ కాళ్ళు. నీకేం భయం? నిలబడు."

కండక్టరు నిలబడ్డాడు. తెర మీద ఎక్కడా ఎరుపు లేదు. పెద్ద డ్రైవరు హాయిగా టీ తాగాడు.

చిక్కల్లా కండక్టర్ల వంతు వచ్చినప్పుడు వచ్చింది. చాప మాస్టారు మొహాలు పెద్దగా చూడడు, పాదాలే చూస్తాడు. ఒకే జత పాదాలు రెండు పేర్లతో వచ్చేసరికి ఆయనకి సంగతి తెలిసిపోయింది.

తర్వాత ఓ వానరోజు మాస్టారు పెద్ద డ్రైవరు బస్సే ఎక్కాడు. సీటు వెనకే నిలబడి, గొంతు తగ్గించి అన్నాడు.

"డ్రైవరు గారూ, ఆ రోజు చాప మీద నిలబడింది మీరు కాదు."

పెద్ద డ్రైవరు అద్దంలోంచి వెనక్కి చూశాడు.

"నేనెవరికీ చెప్పను. కానీ మీరు కుడికాలు ఈడుస్తున్నారు. ఒక్కసారి నిలబడండి. మీ ఉద్యోగానికేం కాదు, నాది పూచీ."

"పొట్ట మీద కొట్టడానికి వచ్చి, పైగా పూచీ ఒకటా?"

"అది కాదండీ, నేనెవరంటే..."

"ఎవడివైతే నాకేం? దిగవయ్యా బాబూ!"

స్టాపు కాని చోట బ్రేకు వేసి తలుపు తెరిచాడు. బయట కుండపోత. చాప మాస్టారు గొడుగు చాప సంచి మీద పట్టి, తను తడుస్తూ దిగిపోయాడు.

"అన్నా, పాపం పెద్దాయన..." అన్నాడు కండక్టరు.

"నువ్వు రైట్ చెప్పు."

"రైట్," అన్నాడు కండక్టరు నీరసంగా.

మళ్ళీ ఆయన ఆ డిపోలో కనిపించలేదు.

కుడికాలి బొటనవేలి కింద, యాక్సిలరేటర్ని అదిమే చోట, లోపల్లోపలే పుండు పండింది. పెద్ద డ్రైవరుకి తెలియనే లేదు. సాక్సు తడిసి చర్మానికి అంటుకుపోతే భార్య చూసింది. అప్పటికే ఎముక దాకా పాకింది. పాదం తీసెయ్యక తప్పలేదు.

"మొదట్లో ఆ చోటు బాగా వేడెక్కి ఉంటుంది," అంది డాక్టరమ్మ. "అప్పుడే పట్టుకుని, కొన్నాళ్ళు బరువు పడకుండా చూసుకునుంటే బహుశా పాదం నిలిచేది."

నేను చెప్పలేదా అని భార్య ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది, ఆయన ప్రాణం కాస్త తేలికపడేది.

సాయంత్రం కండక్టరు డిపో నుంచి నేరుగా ఆస్పత్రికి వచ్చాడు. కళ్ళు వాచి ఉన్నాయి.

"ఆఫీసులో షుగరని తెలిసిపోయిందా?"

"తెలిసిందన్నా."

"అయితే స్టీరింగు పోయినట్టే."

"షుగరుకైతే పోదటన్నా. ఆ రూలు పోయినేడే ఎత్తేశారట. మనమెవ్వరం పట్టించుకోలేదు. ఇప్పుడు కాలు లేదు గనక..."

పెద్ద డ్రైవరు దుప్పటి కింద పాదం లేని చోటు తడుముకున్నాడు.

"ఎత్తేశారా? ఏ మహానుభావుడు ఎత్తేయించాడ్రా?"

కండక్టరు తల పైకెత్తలేకపోయాడు.

"మనం వానలో దించేసినాయనే అన్నా. షుగరుందని నిజం చెప్పి స్టీరింగు పోగొట్టుకున్న డ్రైవరట ఆయన, ఇంకెవరికీ ఆ గతి పట్టకూడదని కోర్టులో కొట్లాడి గెలిచాకే ఆ చాప చంకన పెట్టుకుని మన దగ్గరికి వచ్చాడట."