సారయ్య పెట్టిన పేరు

"జిలేబీ చేప" అన్నాడు సారయ్య, డబ్బాలోకి ఒక్కసారి చూసి మొహం పక్కకు తిప్పుకుని. "ఏ చెరువుల వలేసినా పడ్తది. దీన్ని పట్టుకొని వచ్చినవా చెల్లె?"

సుకన్య చిన్నబోయింది. "గా గీతలు, గా చుక్కలు జూసి మంచి జాతేమో అనుకున్ననన్నా. మా పైపోర్షన్ల కిరాయికుండె మంగళూరు బ్యాంకు సారుకు ట్రాన్స్‌ఫరైంది. దూరం బోతే బతకయని బకీట్ల పోసి నాకిచ్చిపోయిండు. మొత్తం ఆరున్నయి, మిగిలినయి ఇంట్లున్నయి."

"బ్యాంకోనికి చేపల సంగతేం ఎర్క? నోట్లు లెక్కబెట్టుకోమను."

పైకి అంత విసుగు చూపించాడు గానీ, లోపల సారయ్య గుండె ఎయిర్‌పంపులా కొట్టుకుంటోంది. పదిహేనేళ్లుగా హనుమకొండ చౌరస్తా వెనక సందులో రంగుచేపలు అమ్ముతున్నాడు. ఈ చేపను ప్రాణంతో చూడటం ఇదే మొదలు. కెనరా పెర్ల్‌స్పాట్! కర్ణాటక వాగుల్లో తప్ప దొరకదు. మామూలు పెర్ల్‌స్పాట్ కూడా దీని దాయాదే, చూపుకు దగ్గరగానే ఉంటుంది. దాన్నే కెనరా అని చెప్పి అంటగట్టే ఘనులకు కొదవ లేదు. సారయ్యకే రెండుసార్లు అంటగట్టారు.

రెండోసారి పట్టేసింది రాజేశ్వర్ రావు. కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరైన పెద్దమనిషి. దుకాణం నిండా జనం ఉండగా, "ఏడో తరగతి తప్పినోనికి గివన్ని ఎందుకు సారయ్యా? పది రూపాల గప్పీలమ్ముకో" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ మాట మూడేళ్లుగా సారయ్య గొంతులో ముల్లులా ఇరుక్కుని ఉంది. తొట్టి కడిగిన పాపాన పోలేదు, ఫోను చూడందే చేప పేరు చెప్పలేడు, వాడొక మేధావి!

ఇక ఈ సుకన్య. రెండు దుకాణాల అవతల కర్రీ పాయింటు. సారయ్య పగటి భోజనం రోజూ అక్కడినుంచే. తోటకూర కాడలు, సొరకాయ తొక్కు, ఏదీ పారెయ్యదు. అన్నీ గిన్నెలోకే. అలాంటిదాని చేతిలో కెనరా!

సరుకు నచ్చితే ముందు దాన్ని తిట్టాలి. సారయ్య నేర్చిన వ్యాపారమంతా అదే. ఇప్పుడే ఎగబడితే సుకన్యకు అనుమానం వస్తుంది. పది మందికి చూపిస్తుంది. చివరికి ఆ రావు ఇంటికే చేరతాయి.

"నాకెందుకమ్మా జిలేబీలు? సరే, రోజూ అన్నం పెట్టెదానివి, కాదంటే బాగుండదు. రేపు పగటీలి తే. దేనికన్న పనికొస్తయి."

"అంటే తినేటియేనా అన్నా?"

"మరేంది, పూజ చేసేటియా? ఎవ్వలకు జూపెట్టకు, నవ్వుతరు."

సుకన్య డబ్బా మూత బిగించింది. "అడిగింది మంచిదైంది. రేపు పగటీలి తెచ్చిస్త."

ఆమె మలుపు తిరగ్గానే సారయ్య ఫోను తీశాడు. "రావు సార్, రేపు పగటీలి జర దుకాన్లకు రాండ్రి. కెనరా జూపెడ్త. ఒకటి గాదు, ఆరు."

"మళ్ల పెర్ల్‌స్పాటేనా?" అని అవతల రావు నవ్వాడు.

మర్నాటికి నట్టనడుమ తొట్టి తళతళలాడుతోంది. దాని మీద సారయ్య స్వయంగా రాసిన బోర్డు: "కెనరా. అమ్మబడవు."

రావు వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. "ఏవీ? నీళ్లు జూపెట్టనీకి పిలిచినవా?"

"వస్తానయి సార్. జర ఓపిక పట్టుండ్రి."

"గుర్తుపట్టుడంటే ఆట కాదు సారయ్యా. చదువు గావాలె. నాకు ఏ చేపనన్న ఇయ్యి, జాతి చెప్త."

అంతలో సుకన్య క్యారియర్‌తో వచ్చింది. బకెట్ లేదు. గిరాకీ తగ్గాక తెస్తుందిలే అనుకున్నాడు సారయ్య. ఆమె ముందు ఆత్రపడితే మొదటికే మోసం.

"ఇయాల చేపల పులుసన్నా. సారు గూడ తినొచ్చు, ఇద్దరికి సరిపోతది."

రావు మొహమాటపడలేదు. సిగ్గు లేకుండా రెండో ముక్క, మూడో ముక్క వేసుకున్నాడు. సారయ్య మాత్రం సణుగుతూ తిన్నాడు. "ఏం చేపనో ఏమో, నోరంత ముళ్లే. గీ చెత్త ఎక్కడ దొరికింది నీకు?"

"ముళ్లుంటే ఉండనీ, రుచి బాగుంది" అన్నాడు రావు వేళ్లు నాకుతూ. "రవ్వ కాదు, బొచ్చె కాదు. ఇదేం చేపనమ్మా?"

సారయ్య పగలబడి నవ్వాడు. మూడేళ్లకు చిక్కింది సందు. "జువాలజీ సారు తినుకుంట గూడ గుర్తుపట్టకపోయె! చెప్పు చెల్లె, సారుకు జర జాతి చెప్పు. అట్లనే పోయి ఆ బకీటు పట్కరా."

సుకన్య ఖాళీ తొట్టి వైపు, బోర్డు వైపు, అతని ఎంగిలి పళ్లెం వైపు అయోమయంగా చూసింది.

"నువ్వు చెప్పిన జిలేబీలే అన్నా."