ఎర్ర కారుకు బుర్ర లేదు

బస్సు నడిపి రిటైరైన నాకు ఫోనులో కారు పందెం ఆట నేర్పింది మా ఆవిడే. నేను హాల్లో కూర్చుని రోజూ ఆటలోని ఓ ఎర్ర కారు చేతిలో ఓడిపోతుంటే, తను తన ఫోను పట్టుకుని వెనక గదిలో ఉండేది.

నిన్న మొదటిసారి గెలిచాను! కుర్చీలోంచి ఎగిరి గంతేసి, గది వైపు తిరిగి తీర్పు చెప్పాను.

"ఏమోయ్, ఆట భేషుగ్గా ఉంది. రోడ్డు మీద ఒక్క గుంట లేదు. కానీ హారన్ లేని బండీ ఒక బండేనా? నా బస్సుకి బ్రేకు కన్నా హారనే బాగా పనిచేసేది, సరేలే. అసలు లోపం ఆ ఎర్ర కారు. గెలుపు గీత ముందు ఠక్కున ఆగిపోయింది. దాన్ని నడిపే మిషనుకు బుర్ర లేదు!"

లోపల పగలబడి నవ్వు. ఆవిడ ఫోను చూపిస్తూ వచ్చింది. తెర మీద గీత ముందు ఆగి ఉన్న అదే ఎర్ర కారు.

"ఆ బుర్రలేని మిషను నేనేనండీ. ఓడినప్పుడల్లా మొహం మాడ్చుకుని భోజనం మానేస్తున్నారని, పోనీలే పాపమని ఆపాను."

"అయితే ఇన్నాళ్లూ నన్ను ఓడించింది నువ్వా?"

"మరి? మలుపు మలుపుకీ జనం ఎక్కుతారన్నట్టు ఆగుతుంటే గెలుస్తారేంటి? రండి, ఇంకో పందెం. ఈసారి ఆపేది లేదు."

ఓడిపోవడానికి అంత హుషారుగా నేనెప్పుడూ కూర్చోలేదు.