సైడ్‌కార్ల షెడ్డు మూసిన రోజు

కొత్తగా పెళ్లైన జంట ఒకటి ఆఖరి సైడ్‌కార్‌ను తమ మోటార్‌సైకిల్‌కి బిగించుకుని బయల్దేరబోతూ ఆగింది. అమ్మాయి ఖాళీ షెడ్డును కలియజూసింది.

"అసలిదంతా ఎలా మొదలైందండీ?"

మేస్త్రికి చెప్పే ఓపిక లేదు. పొద్దుటినుంచి మిషన్లు విప్పి లారీకెక్కించేసరికి నడుం పడిపోయింది. మిగిలిన రెగ్జిన్ ముక్కలు మడతపెడుతున్న ఆవిడే అందుకుంది.

"పెళ్లైన కొత్తలో బండి వెనక కూర్చోవాలంటే నాకు హడలు. ఈయన రేకు కొట్టి ఓ తొట్టి చేసి పక్కన తగిలించారు. పెళ్లాన్ని తొట్టిలో ఊరేగిస్తున్నాడని వీధంతా ఒకటే నవ్వు! నవ్విన నాపచేనే పండింది. అందరికంటే గట్టిగా నవ్విన బేకరీ ఆయనే ముందొచ్చి, తనకూ ఒకటి చెయ్యమన్నాడు."

ఆ తర్వాత నర్సు వచ్చింది. పాలాయన వచ్చాడు. షెడ్డులో కాలు పెట్టే సందు లేనంత పని. అతను వెల్డింగు, ఆవిడ సీట్లు. పక్క చక్రం వెంట్రుకవాసి తేడా వచ్చినా బండి ఓ వైపుకి లాగేస్తుంది. అందుకే తయారైన ప్రతి తొట్టిలో మొదట ఆవిడ కూర్చునేది, అతను నడిపేవాడు.

తర్వాత వాయిదాల మీద చిన్న కార్లొచ్చాయి. పనివాళ్లు ఒక్కొక్కరే జారుకున్నారు. వీళ్లిద్దరే మిగిలారు.

"ఎప్పుడూ గొడవలు పడలేదా?" కుర్రాడు నవ్వుతూ అడిగాడు.

"పడకేం? ఉప్పూ నిప్పూ! ఓ ఏడాదైతే మాటలే లేవు. కొలతలు సుద్దముక్కతో గోడమీద రాసుకునేవాళ్లం. పని మాత్రం ఆగలేదు."

"మిమ్మల్ని చూస్తుంటే ముచ్చటేస్తోంది. మేమూ ఇలాగే ఉండాలని దీవించండి," అంది అమ్మాయి.

మేస్త్రి ఆవిడ వంక చూశాడు. ఆవిడ మడతపెట్టిన ముక్కనే విప్పి మళ్లీ మడతపెడుతోంది.

"చల్లగా ఉండండి," అన్నాడు.

వాళ్లు వెళ్లాక షట్టర్ దించాడు. తాళం ఓ పట్టాన పడలేదు. ఆవిడ రోజూలాగే సంచి ఒళ్లో పెట్టుకుని అతని బండి తొట్టిలో కూర్చుంది.

"బీపీ మాత్ర వేసుకున్నారా?"

"ఆఁ."

"అబద్ధం. మొహం చూస్తే తెలియట్లా?"

"తెలిసినప్పుడు అడగడమెందుకు?"

సందు మలుపులో ఆవిడే మళ్లీ అడిగింది.

"రేపట్నుంచి ఏం చేస్తారు?"

ఇన్నేళ్ల అలసటా ఇవాళే భుజాల మీదికొచ్చి కూర్చున్నట్టుంది.

"ఏముంది? పడుకుంటా."

ఎంత నెమ్మదిగా పోనిచ్చినా ఇల్లు రానే వచ్చింది.

ఆవిడ దిగి గేటు తీస్తుండగా, వరండాలోంచి ఆవిడ ఇప్పటి భర్త లేచి వచ్చి, సంచి అందుకుంటూ, "లోపలికి రండి మేస్త్రిగారూ, టీ తాగి వెళ్దురుగాని," అన్నాడు.