వద్దు అనే ఒక్క మాట

నా రాతలో తప్పులుంటాయి. అరవై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను, చెయ్యి ఇంకా నెమ్మదే. సర్దుకుని చదవండి.

"వద్దు! ఆ ఒక్క మాటకి గొంతు పెగలడం లేదా?" వెనక వరుసలోంచి తెల్లటోపీ పెద్దాయన అరిచాడు. హాలంతా చప్పట్లు.

కరెంటు ధర పెంచాలా వద్దా అని, జనం ఓట్లేసి ఎన్నుకున్న రాష్ట్ర కమిషనర్లు తేల్చే రోజు. ముగ్గురిలో ఒకరు సరే అన్నారు, ఒకరు వద్దన్నారు. మిగిలింది ఓజెల్లా పికెట్ ఓటే.

ముందు వరుసలో ఆమె చెల్లెలు లర్లీన్ లేచింది. గుండె మీద 'ఓజెల్లా ఉంటే ధర పెరగదు' అన్న ఎన్నికల బిళ్ళ.

"అక్కా, ధర పెరిగితే నా లాండ్రీ మూతే. డ్రయ్యర్లు ఆపేసి, ఊళ్ళోవాళ్ళ లోదుస్తులు హైవే పక్కన తాళ్ళ మీద ఆరేయమంటావా?"

అందరూ నవ్వారు. లర్లీన్ నవ్వలేదు.

ఓజెల్లా పక్కనున్న కమిషన్ లాయరు వైపు వంగింది. "వద్దంటే ఏమవుతుందయ్యా?"

"అణు కరెంటు ప్లాంటు ఖర్చులో మన వాటా ఎంతో వాషింగ్టన్‌లో కేంద్రం వాళ్ళు తేల్చేశారమ్మా. దాన్ని జనం దగ్గర వసూలు చెయ్యొద్దనే హక్కు రాష్ట్రానికి లేదు. మీరు వద్దంటే కంపెనీ ఫెడరల్ కోర్టుకెళ్ళి గెలుస్తుంది. ఆ దావా ఖర్చు కూడా వీళ్ళ నెత్తినే."

"మరి నన్నెందుకు అడుగుతున్నారు?"

"అడగాలని చట్టంలో ఉందమ్మా."

"ఆ కుర్చీ నాకివ్వండి, ఎలా అనాలో చూపిస్తా!" తెల్లటోపీ మళ్ళీ అరిచాడు. ఈసారి ఈలలు కూడా.

ఓజెల్లా చెల్లెలి వైపు చూసింది. తర్వాత బల్ల వైపు.

"సరే," అంది. మైకులో ఆ మాట ఆమె అనుకున్నదానికంటే పెద్దగా వినబడింది.

లర్లీన్ బిళ్ళ ఊడదీసి అక్క ముందు పెట్టింది. వెళ్ళిపోయింది.

హాలు ఖాళీ అయ్యాక తెల్లటోపీ ఆయన, చర్చిలో పంచే అట్ట విసనకర్రతో విసురుకుంటూ, ఆమె దగ్గరికొచ్చాడు.

"నా చేతిలో ఏమీ లేదని మీకు తెలియదా, హార్లన్ గారూ?"

"తెలియకేమమ్మా! పోయినసారి ఆ కుర్చీలో నేనున్నప్పుడు నువ్వు వెనకనుంచి వేసిన కేకే కదా ఇది. ఒక్క ముక్క మార్చలేదు."

మాటీ రూత్ గెయిన్స్, డెబ్బై ఆరేళ్ళు. ఇప్పుడుంటున్నది గ్రీన్‌వుడ్, మిసిసిపీ.