మాస్టరు సొంత చొక్కా

“ఆ చొక్కా వద్దమ్మా, నా మాట విను,” అంది కూతురు, తల్లి చేతిలోని తెల్ల చొక్కా లాక్కోబోతూ. “నాన్న చిక్కి శల్యమయ్యాడు. అది వేస్తే ఒంటి మీద వేలాడుతుంది. ఊరందరికీ కుట్టిన మనిషిని ఆఖరి రోజున వదులు చొక్కాలో చూపిద్దామా?”

“ఆయన తన కోసం కుట్టుకున్నది. ఇదే వెయ్యాలి,” అంది తల్లి. పట్టు వదల్లేదు.

ముందు గదిలో టైలరు మాస్టరు ఎప్పుడూ లేనంత తీరిగ్గా పడుకుని ఉన్నాడు. వరండా నిండా జనం. ఒంటి మీద ఆయన చేతి కుట్టు లేనివాళ్ళు అందులో తక్కువే. కొడుకు కొనుక్కొచ్చిన కొత్త చొక్కాను అట్టపెట్టెతో సహా పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

“రెడీమేడా!” అన్నాడు కాజా బాబాయి. మాస్టరు పక్కన కూర్చుని జీవితమంతా కాజాలు కుట్టిన మనిషి. పిల్లలు పెట్టిన పేరే ఆయనకు ఖాయమైపోయింది. “ఒరే అబ్బాయ్, అది గనక వేశావంటే మీ నాన్న లేచి కూర్చుని కుట్లు విప్పదీస్తాడు.”

ఎవరికీ నవ్వు రాలేదు. అన్నవాడికీ రాలేదు.

ఆ మాట మాత్రం నిజం. మాస్టరు ఇంట్లోకి కొన్న బట్టలు వచ్చిందే లేదు. పిల్లల బట్టలకు లోపల మడతలు పెట్టి కుట్టి, వాళ్ళు ఎదిగే కొద్దీ ఒక్కో మడతా విప్పేవాడు. పెళ్ళాం రవిక చేతికి అందంగా పైపింగు వేస్తే తప్ప ఆయనకు అన్నం సయించేది కాదు. భుజం వంగినవాడు ఆయన కుట్టిన కోటు వేసుకుంటే వంకర కనిపించేది కాదు. రోగంతో తీసిపోయినవాళ్ళు పాత చొక్కాలు బిగించమని తెస్తే, ‘ఈ మధ్య గుడ్డ సాగిపోతోందండీ, అంతా మిల్లు వాళ్ళ దగా’ అని నేరం బట్ట మీదికి తోసి, మారు మాట్లాడకుండా కుట్టిచ్చేవాడు. అలాంటి అబద్ధానికి పాపం లేదనేవాడు.

తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“ఆయన దగ్గర మనమూ దాచాంగా,” అంది. “ఇక లాభం లేదని డాక్టరు అంటే, మీ అందరి నోళ్ళూ నేనే కట్టేశాను. కడుపులో పుండే, తగ్గిపోతుందని చెప్పించాను. నిజం తెలిస్తే ఎవరితో ఏం చెప్పుకోవాలనుకునేవాడో! ఆ ఒక్క అవకాశం కూడా దక్కనివ్వలేదు. ఇంత కాపురం చేసి, మోసం చేసి పంపుతున్నానే ఆయన్ని!”

కూతురు చొక్కా వదిలేసి తల్లిని పట్టుకుంది.

కొడుకూ బాబాయీ కలిసి మాస్టరును మెల్లగా లేపారు. వదులైన చోట వెనక నుంచి మడిచి పట్టడానికి బాబాయి పిన్నీసులు కూడా సిద్ధం చేసుకున్నాడు. వాటితో పని పడలేదు. భుజం కుట్టు సరిగ్గా భుజం మీద కూర్చుంది. కాలరు మెడ చుట్టూ అమరింది. ఎముకలు తేలిన ఆ ఛాతీ మీద ఎక్కడా ముడత లేదు. బాబాయి ఒక్కో గుండీ పెడుతూ కాజాలను వేలితో తడిమి చూశాడు.

“ఇవి నా కాజాలు కావు. నాకు చెప్పకుండా అన్న తనే కుట్టుకున్నాడు,” అన్నాడు కాస్త నిష్ఠూరంగా.

“ఊరికే గొడవపడ్డానమ్మా,” అంది కూతురు కళ్ళు తుడుచుకుంటూ. “ఇంత సరిపోయిందంటే మొన్నమొన్నే కుట్టుకుని ఉంటాడు. లేవలేని మనిషి మిషను దగ్గరికి ఎలా వెళ్ళాడో!”

“మంచం పట్టాక మిషను ముట్టుకోనేలేదే,” అంది తల్లి.

“మరి ఎప్పుడు కుట్టాడు వదినా?”

ఆవిడ చొక్కా మీద చెయ్యి వేసింది.

“డాక్టరు దగ్గర్నించి వచ్చిన మర్నాడు. అప్పటికి ఒళ్ళు నిండుగానే ఉంది. ‘పుండేగా, తగ్గిపోతుందిలే, నువ్వు బెంగపెట్టుకోకు’ అని నాకు ధైర్యం చెప్పి, కత్తెర తీసుకుని కూర్చున్నాడు.”