ఇంటి నంబరు

"ఇది తీసేస్తే మనం మనుషులమే కాం సార్!"

టపాకాయ కుర్చీలోంచి దిగ్గున లేచింది. అసలు పేరు ఏదైనా, ఆఫీసులో అందరూ ఆ పిల్లను అలాగే పిలుస్తారు. ఊళ్లో జనం వెబ్‌సైటులో పెట్టే పోస్టుల్లో ఎవరైనా ఫిర్యాదు చేసినవన్నీ ఆమె తెర మీదికి వస్తాయి. పక్కన రెండు బొత్తాలు, 'ఉంచు', 'తీసెయ్'. పొద్దస్తమానం వాటిని నొక్కడమే ఉద్యోగం. ఇప్పుడు మాత్రం వేలు కదలనంటోంది.

సూపర్‌వైజరు నిమ్మకు నీరెత్తినట్టు నడుచుకుంటూ వచ్చి, కళ్లజోడు సర్దుకుని చదివాడు.

'నన్ను ఈ ఇంట్లో బంధించారు. పోలీసులు వచ్చేలోపు ఏమైనా జరగొచ్చు. దయచేసి ఎవరైనా వచ్చి తలుపు పగలగొట్టండి. లోపలి నుంచి నేనేం చెప్పినా నమ్మకండి, బెదిరించి చెప్పిస్తారు.'

కింద ఒక అమ్మాయి ఫొటో. నవ్వు ముఖం, బుగ్గ మీద చిన్న పుట్టుమచ్చ. ఆ కింద వీధి పేరు, ఇంటి నంబరు, మేడ మీద ఎన్నో గదో కూడా ఉంది.

"ఇంటి అడ్రసు కనబడుతోంది కదమ్మా. తీసెయ్."

"తీసేస్తే ఆ అమ్మాయి గతేం కాను?"

"ఇందాక ఫిర్యాదు రాగానే పోలీసులకి పంపించాను. వాళ్లు చూసుకుంటారు."

"ఎప్పుడు సార్? వాళ్లు మీనమేషాలు లెక్కపెట్టి బయల్దేరేసరికి అక్కడ అంతా అయిపోతుంది!"

"చూడమ్మా, చట్టం అందరికీ ఒకటే. అడ్రసు ఉంటే తీసెయ్యాలి. ఎవరు పెట్టినా, ఎందుకు పెట్టినా."

"పొద్దున మీటింగులో భావ ప్రకటన స్వేచ్ఛ, ప్రజాస్వామ్యం అంటూ అరగంట ఊదరగొట్టారు. ఇక్కడ ఒక ఆడపిల్ల కాపాడండి మొర్రో అంటే దాని నోరే నొక్కేస్తారా?"

సూపర్‌వైజరుకి కోపం రాలేదు. ఆయనకు కోపం రాదు, అదే టపాకాయకు మంట. "నీకు మంచి మనసుందమ్మా. కానీ బొత్తం దగ్గర మనసు పెట్టకూడదు. తీసేసి తర్వాతిది చూడు," అన్నాడు. ఇంతలో ఫోను మోగితే మాట్లాడుకుంటూ వరండాలోకి వెళ్లాడు.

టపాకాయ తెర వైపు చూసింది. ఫొటోలోని అమ్మాయి నవ్వుతూనే ఉంది. ఇంచుమించు తన వయసే.

కళ్లు మూసుకుని 'ఉంచు' నొక్కేసింది.

నొక్కాక, ఉద్యోగం ఊడితే ఊడనీ అనుకుంది. మళ్లీ నిజంగా ఊడితే ఎలా అనుకుంది. నీళ్లు తాగింది, కూర్చుంది, లేచింది, కాలుగాలిన పిల్లిలా కుర్చీ చుట్టూ తిరిగింది. పోస్టు మాత్రం చేతులు మారుతూ ఊరంతా పాకుతోంది. 'మా వీధి పక్కనే, వెళ్తున్నాం' అని ఒకరు. 'నేనూ వస్తున్నా' అని ఇంకొకరు. చదువుతుంటే ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది. లోకంలో మంచితనం ఇంకా చచ్చిపోలేదు.

కాసేపటికి అక్కడి నుంచే ఎవరో లైవ్ వీడియో పెట్టారు. ఇరుకు మెట్ల నిండా జనం. అందరికంటే ముందు తెల్ల చొక్కా మనిషి ఒకడు తలుపుకి భుజం ఆనించి నెడుతున్నాడు.

"నెట్టండన్నా! ఇదే తలుపు! పాపం, లోపల ఎంత అల్లాడుతోందో!"

"వెళ్లిపోండి!" లోపలి నుంచి సన్నగా ఆడగొంతు. "నాకేం కాలేదు, మీకు దండం పెడతా, వెళ్లిపోండి!"

"బెదిరించి చెప్పిస్తున్నారు, నమ్మకండి!" తెల్ల చొక్కా అరిచాడు. జనం ఊగిపోయారు. పక్క గదిలోంచి ఒక పెద్దావిడ వచ్చి "ఆగండి నాయనా, ముందు నా మాట వినండి" అంటూ అడ్డం పడబోయింది. ఆమెను ఎవరో వెనక్కి లాగేశారు.

సూపర్‌వైజరు తిరిగొచ్చాడు. తెర చూడగానే ఆయన ముఖం పాలిపోయింది. "తీసెయ్యలేదా?"

"తీసెయ్యలేదు సార్." టపాకాయ గొంతులో భయం లేదు, గర్వమే ఉంది. "నా ఉద్యోగం తీసెయ్యండి, ఫరవాలేదు. అటు చూడండి, మన పోలీసుల కంటే ముందు ఎంతమంది వచ్చారో!"

తలుపు ఫెళ్లున విరిగింది. టపాకాయ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. ఆనందంతో కళ్లు నిండి తెర మసకబారితే గబగబా తుడుచుకుంది.

తెల్ల చొక్కా మనిషి ముందు దూరాడు. వెనకే జనం, వీడియో తీసే కుర్రాడు. చిన్న గది. ఒక మంచం, ఒక స్టవ్వు, గోడ మూలకి ఒదిగిపోయి అదే అమ్మాయి, అదే పుట్టుమచ్చ. జనం మంచం కింద చూశారు, తలుపు చాటున చూశారు. బంధించినవాళ్లు ఎవరూ లేరు.

"భయపడకు చెల్లెమ్మా, మేం వచ్చేశాం," అన్నారెవరో వెనక నుంచి.

ఆ అమ్మాయి వాళ్ల వైపు చూడలేదు. నింపాదిగా తన వైపే నడిచి వస్తున్న తెల్ల చొక్కానే చూస్తూ, గోడకి ఇంకా అతుక్కుపోయి కెవ్వున అరిచింది.

"ఆ పోస్టు నేను పెట్టలేదన్నా! వీడికి భయపడి గడియ నేనే వేసుకున్నాను!"