ఏడో కషాయం

మాత్రలు జ్వరాలకు పనిచేయడం మానేశాక ప్రతి వంటింట్లోనూ పొయ్యి పక్కన పరీక్షపెట్టె వచ్చి చేరింది. రోగి నెత్తురు చుక్కలో కషాయం కలిపితే క్రిమి చచ్చిందో లేదో అది చెబుతుంది.

పైడితల్లి భర్త అప్పలసూరికి మూడు రోజులుగా ఒళ్లు కాలిపోతోంది. వేప, నేలవేముతో సహా ఆరు కషాయాలకూ ఎర్రదీపమే వెలిగింది. ఏడోది అత్త సన్నెమ్మ గట్టు మీంచి తెచ్చిన పేరు తెలియని తీగ. దానికి పచ్చదీపం వెలిగింది.

కొడుకు దగ్గరికి గిన్నె పట్టుకెళ్లబోయిన అత్తను పైడితల్లి ఆపింది.

"క్రిమిని సంపుతాదంది గానీ, మనిసిని సంపదని సెప్పనేదు గదత్తా!"

సన్నెమ్మ సగం కషాయం తానే గటగటా తాగేసింది.

పైడితల్లి మధ్యాహ్నం దాకా అత్త నాడి వదల్లేదు.

"సెయ్యొదిలి, ఆ సగం ఆడికి తాగించవే. నాకాకలేస్తంది" అని విసుక్కుంది సన్నెమ్మ.

పొద్దు వాలేసరికి అప్పలసూరి నుదుట చెమట పట్టింది.